చేరుట ఒక ఎత్తు, నిలుచుట ఒక ఎత్తు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వావసు సాగిపోయినది, పరాభవ ప్రవేశించినది. పేరు విని జంకవలసిన పని లేదని పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు ఇప్పుడే సెలవిచ్చారు. పోయినసారి పరాభవ వచ్చినది 1966లో. అప్పుడు మన తాతలు గనిలో పని ముగించుకొని వచ్చి, తలంటి పోసుకొని, ఇట్లే పచ్చడి తిన్నారు. పేరులో ఏముంది? ఏడాది ఎట్లు గడుస్తుందనేది చాలవరకు మన చేతిలోనే ఉన్నది.

కార్యదర్శిగారు మమ్మల్ని పిల్లల చదువును గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము పండితులం కాము. మెట్రిక్‌తో చదువు ఆపి రైల్వే గుమాస్తా పనిలో కుదురుకున్నవాళ్ళం. అయినా టికెట్టు కిటికీ వెనుక కూర్చున్నవానికి ఊరి పిల్లల చదువు కొంత కనబడుతుంది. జూన్, జూలై మాసాలలో కొత్తగా కళాశాలలో చేరిన పిల్లలు సీజన్ టికెట్టుకు వస్తారు. చంకలో కొత్త రికార్డు పుస్తకం, ముఖంలో కొత్త వెలుగు. దసరా నాటికి ఆ ముఖాలలో కొన్ని తగ్గుతవి. సంక్రాంతి దాటేసరికి మరికొన్ని కనబడవు. ఒక పిల్లవాణ్ణి మేమే పిలిచి అడిగాము: "ఏమప్పా, పాసు రాయించుకోలేదే?" "లేదన్నా, సైన్సు మానేసినా. బెంగుళూరులో పనికి పోతా ఉండా" అన్నాడు. అదే బండి, అదే పెట్టె. టికెట్టు మాత్రం విద్యార్థిది కాదు, కూలివానిది.

మేము ఈ పూట మనవి చేయదలచినది ఆ పిల్లవాని సంగతే. కళాశాలలో, ముఖ్యంగా సైన్సులో, పిల్లవాణ్ణి చేర్పించడానికి మనం పడే పాటు ఎంతో ఉన్నది. చేరినవాణ్ణి నిలబెట్టడానికి మనం చేస్తున్నది చాలా తక్కువ. మన సంఘం తన శ్రద్ధను ఇకనుండి ఈ రెండవ పని మీద పెట్టవలెనని మా కోరిక.

ముందుగా పిల్లలకు ఒక సంగతి చెప్పవలెను. మనం కూర్చున్న ఈ నేల క్రింద బంగారమే కాదు, ప్రపంచం మెచ్చిన విజ్ఞానం కూడా పుట్టినది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు మొదలుపెట్టిన గనులు దిగి దిగి ఛాంపియన్ రీఫ్‌లో 3 కిలోమీటర్ల లోతు దాటినవి. ఆకాశం నుండి సదా కురిసే విశ్వకిరణాలను అంత మందపు రాయి అడ్డగిస్తుంది. న్యూట్రినో అనే అతి సూక్ష్మకణం మాత్రం రాయికి ఆగదు. దానిని పట్టవలెనంటే మిగిలిన కిరణాల సందడి లేని చోటు కావలెను. అట్టి చోటు మన గనిలో దొరికినది. బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు 1950ల ఆరంభం నుండి ఈ గనులలో కొలతలు తీసేవారు. పిమ్మట జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయంవారు, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయంవారు వారితో కలిశారు. సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు నిలిపి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో లోకానికి చూపారు. అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో మరొక బృందం కూడా ఆ జాడ పట్టినది. మేనన్, శ్రీకంఠన్ మొదలైన మన దేశపు శాస్త్రజ్ఞుల పేర్లు ఈ పనితో ముడిపడి ఉన్నవి. 1965 అంటే పోయిన విశ్వావసు సంవత్సరమే సుమా!

పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు నుండి వచ్చిన మన తాతలు, ఉత్తర ఆర్కాటు నుండి వచ్చిన తమిళ సోదరులు ఆ లోతుకు దారి తవ్వారు. ఆ దారిలో శాస్త్రజ్ఞులు దిగి వెళ్ళి విశ్వరహస్యం వెదికారు. దారి తవ్వినవారి మనుమలు మాత్రం ప్రయోగశాల గుమ్మం దగ్గర తడబడుతున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. గని ఉద్యోగం ఇక లేదు. తెల్లవారుజామున మారికుప్పంలో బయలుదేరే బండి వేలమందిని బెంగుళూరు కూలికి మోసుకుపోతున్నది. తరువాతి తరానికి ఆ బండిలో కూలివాని టికెట్టేనా, వేరొకటి ఉన్నదా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఈ జిల్లాలో దీనికి మంచి జవాబులు లేకపోలేదు. రెండు మనవి చేస్తాము.

మొదటిది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. ఆయన పుట్టినది ఆనాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్ళి. ఇంటిపేరు మన ఆంధ్రలోని మోక్షగుండానిది. అంటే ఆయనదీ మనవలెనే వలస వచ్చిన తెలుగు కుటుంబమే. చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొని, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ చదివి, సెంట్రల్ కళాశాలలో 1881లో బి.ఏ. పూర్తిచేశారు. మైసూరు ప్రభుత్వం విద్యార్థివేతనం ఇవ్వగా పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివి 1883లో ఉత్తీర్ణులయ్యారు. ఆ విద్యార్థివేతనమే లేకుంటే ఆ పిల్లవాడు ఏ కచేరీలోనో గుమాస్తాగా మా ప్రక్కన కూర్చునేవాడేమో! అయితే ఒక భేదం గమనించవలెను. ఆయన ఇంట చదువు తరతరాలది. లేనిది డబ్బు. డబ్బు దొరకగానే దారి తెరుచుకున్నది.

రెండవది డాక్టర్ హెచ్. నరసింహయ్యగారిది. ఆయన 1920లో గౌరిబిదనూరు తాలూకా హోసూరులో, వెనుకబడిన కులానికి చెందిన బీద కుటుంబంలో పుట్టారు. ఆ తాలూకా కూడా అప్పుడు కోలారు జిల్లాలోనిదే. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాగా విడిపోయినది. 1935లో ఉన్నత పాఠశాల చదువు కొరకు ఆయన బెంగుళూరుకు కాలినడకన వెళ్ళారు. దూరం 80 కిలోమీటర్లకు పైమాట. సెంట్రల్ కళాశాలలో భౌతికశాస్త్రం చదువుతుండగా 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. చదువు ఆగినది. జైలు నుండి వచ్చి మళ్ళీ అందుకొని 1946లో ఎం.ఎస్‌సి. ముగించారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణుకేంద్ర భౌతికశాస్త్రంలో 1960లో డాక్టరేటు పొందారు. నేషనల్ కళాశాలకు ప్రిన్సిపాలుగా, 1970లలో బెంగుళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. ఇంత పదవిలో ఉండి కూడా పెండ్లాడక, ఇల్లు కట్టక, విద్యార్థి వసతిగృహంలోని ఒక గదిలోనే 2005లో కన్నుమూసే వరకు జీవించారు. 1962లో బెంగుళూరు సైన్సు ఫోరం స్థాపించి సామాన్యునికి విజ్ఞానం వినిపించారు. తాను నడిచిన దూరం తరువాతివారు నడవరాదన్నట్లుగా, గౌరిబిదనూరులో, మన తెలుగు మాట వీధివీధినా వినబడే బాగేపల్లిలో కళాశాలలు వెలయడానికి పాటుపడ్డారు. పిల్లవాణ్ణి కళాశాలకు పంపడం ఒక పద్ధతి. కళాశాలనే పిల్లవాని దగ్గరకు తెచ్చి, పిల్లల మధ్యనే కాపురముండడం ఆయన పద్ధతి.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాము. ఊర్గాంలో 1986లోనే ఇంజనీరింగు కళాశాల వచ్చినది. కోలారు దగ్గర బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయం 2017లో ఏర్పడినది. షెడ్యూల్డు కులాల పిల్లలకు మెట్రిక్ తరువాతి విద్యార్థివేతనం 1944 నుండి ఉన్నది. తలుపులు తెరిచే ఉన్నవి. మరి లోపలికి వెళ్ళినవారు ఎందుకు తిరిగి వస్తున్నారు? మేము బండిలో, ప్లాట్‌ఫారం మీద ఆ పిల్లలను అడిగి తెలుసుకొన్న కారణాలు నాలుగు.

మొదటి కారణం భాష. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. ఈ మూడూ గడగడ మాట్లాడే పిల్లవాడు పి.యు.సి. సైన్సులో అడుగు పెట్టగానే నాలుగవదైన ఇంగ్లీషు ముందు మూగవాడవుతాడు. "సెల్" అనే ఒక్క మాట చూడండి. జీవశాస్త్రం పంతులుగారికి అది కణం. భౌతికశాస్త్రం పంతులుగారికి విద్యుత్తు ఇచ్చే డబ్బా. పిల్లవాని జేబులో అది ఫోను. పోలీసువారి దగ్గర అది కొట్టు. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు తనకు తెలివి లేదనుకొంటున్నాడు. లేనిది తెలివి కాదు, మాట.

రెండవ కారణం వేళ. సైన్సువారికి మధ్యాహ్నం ప్రయోగశాల ఉంటుంది. అది ముగిసేసరికి ఒక బండి తప్పుతుంది. తరువాతి బండికి ఇల్లు చేరేసరికి చీకటి. ఒక్క గదిలో ఆరుగురు ఉండే గని లైన్ల ఇంట్లో దీపం క్రింద కూర్చుని చదవడానికి మూల దొరకదు. ఆడపిల్ల అయితే ఇంటి పని సరేసరి. చీకటిపడి వచ్చినందుకు మాట పడవలసి రావడం మరొకటి.

మూడవది డబ్బు. అయితే మనం అనుకొనే పెద్ద డబ్బు కాదు. చేరేటప్పటి రుసుము ఎట్లో అప్పు చేసి కడతారు. విద్యార్థివేతనం వస్తుంది, కాని వచ్చేది ఆలస్యంగా. ఈలోగా పరీక్ష రుసుము, రికార్డు పుస్తకం, తెల్లకోటు, బస్సు చార్జీ వస్తవి. వెయ్యి రూపాయలు ఆ వారంలో దొరకక మూడేండ్ల చదువు ఆగిపోతున్నది.

నాలుగవది ఒంటరితనం. ఒక్క గణితంలో తప్పితే చాలు, "సైన్సు మనవంటివారికి కాదురా" అనే మాట ఇంటా బయటా పుడుతుంది. దానికి బదులు చెప్పే అన్న గాని అక్క గాని ఆ వీధిలో ఉండరు. తప్పిన పరీక్షను అదే ఏడాది తిరిగి వ్రాయవచ్చునన్న సంగతి కూడా కొందరు తల్లిదండ్రులకు చెప్పేవారు లేరు.

ఈ కష్టం మనకొక్కరికే ఉన్నది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1970లలో నల్లజాతి విద్యార్థులు చాలామంది కలన గణితంలో తప్పేవారు. కారణం వారి శ్రద్ధ లేమి అని కొందరు, ఇంటి పరిస్థితి అని కొందరు అనేవారు. యూరీ ట్రైస్‌మన్ అనే గణితోపాధ్యాయుడు ఊహలు కట్టిపెట్టి, విద్యార్థులు చదివే చోటికే వెళ్ళి చూశారు. నల్లజాతి పిల్లలు గంటల తరబడి చదువుతున్నారు, కాని ఒంటరిగా. చీనా సంతతి పిల్లలు ముందు విడిగా లెక్క చేసి, పిమ్మట నలుగురు కూడి ఒకరి తప్పు ఒకరు దిద్దుకొంటున్నారు. ఆయన నల్లజాతి పిల్లలను కూడా జట్లుగా కూర్చుండబెట్టి, సులువు లెక్కలు కాక కష్టమైన లెక్కలే ఇచ్చి చేయించారు. ఫలితం ఎంతో మెరుగుపడినది. ఇందులో రెండు నీతులున్నవి. కలసి చదవవలెను. వెనుకబడినవాడని జాలిపడి సులువు పాఠం పెట్టరాదు.

మన దేశంలోనూ చూడండి. మన గనిలో న్యూట్రినోను పట్టిన టాటా సంస్థవారే 1974లో బొంబాయిలో హోమీ భాభా విజ్ఞాన విద్యాకేంద్రం పెట్టారు. వారు ఆ నగరపు మునిసిపల్ బడులలోని షెడ్యూల్డు కులాల పిల్లలతో పనిచేసి, సైన్సులో వారికి పెద్ద అడ్డంకి భాషే అని గుర్తించారు. మాట విప్పిచెబితే పాఠం దానంతట అదే విడుతుందన్నమాట. గని అడుగున వారు చేసిన పని ఎంత గొప్పదో, బడి గదిలో చేసిన ఈ పని కూడా అంత గొప్పదని మా అభిప్రాయం.

కావున మన సంఘం చేయదగిన పనులు అయిదు మనవి చేస్తున్నాము. వీటిలో లక్షలు కావలసినది ఒక్కటీ లేదు.

ఒకటి: పదవ తరగతి పరీక్షలు ముగిసినది మొదలు కళాశాల తెరిచేవరకు పిల్లలకు ఖాళీ. ఆ వేసవిలో ఆరు వారాలు మన సంఘ మందిరంలో మాటల తరగతి పెట్టవలెను. సైన్సులో వచ్చే ఇంగ్లీషు మాట, దానికి తెలుగు, కన్నడం, ఒక చిన్న బొమ్మ. రోజుకు పది మాటలు చాలు. తమిళ ఇళ్ళ పిల్లలు వస్తామంటే వారికీ చాప వేయవలెను. గనిలో తాతలు వేరువేరు లిఫ్టులలో దిగలేదు గదా!

రెండు: సాయంత్రం ఏడు నుండి తొమ్మిది వరకు మందిరం తెరిచి దీపాలు వేయవలెను. పిల్లలు జట్లుగా కూర్చుని లెక్కలు చేసుకొంటారు. రెండవ ఏడు చదివేవారు మొదటి ఏటివారికి చెప్పవలెను. చెప్పినవారికే ఎక్కువ వస్తుంది. ఆదివారాలలో పిల్లలతో కూర్చునేందుకు మన ఇళ్ళలోని ఇంజనీర్లు, ఉపాధ్యాయులు వంతులు వేసుకొంటే అదే పెద్ద దానం.

మూడు: ఒక చిన్న అక్కరనిధి. పిల్లవాడు అడిగిన రెండు రోజులలో పరీక్ష రుసుము చేతికి అందవలెను. వడ్డీ లేదు, సభలో పేరు చదవడం లేదు. విద్యార్థివేతనం వచ్చినప్పుడు తిరిగి వేస్తాడు. ఆలస్యంగా వచ్చే అయిదువేల కంటె వేళకు వచ్చిన అయిదువందలు ఎక్కువ పని చేస్తవి.

నాలుగు: కాగితాలు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధారుతో ముడిపడిన బ్యాంకు ఖాతా, వీటిలో ఒకటి సరిలేకున్నా విద్యార్థివేతనం ఆగుతుంది. వలస కుటుంబాలకు ఇందులో ఒక మెలిక ఉన్నది. తెనాలిలో పుట్టి, తొమ్మిదేండ్ల ప్రాయంలో తండ్రి ఉద్యోగం వెంట బొంబాయి వెళ్ళి అక్కడే చదివిన ఒక తెలుగు విద్యార్థి, ఆంధ్రలో తనకున్న షెడ్యూల్డు తెగ హోదాతో అక్కడ వైద్య కళాశాలలో సీటు కోరాడు. వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ హోదా తనంత తానుగా వర్తించదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాబట్టి మూడు తరాలుగా ఇక్కడ ఉన్న కుటుంబమేది, నిన్న మొన్న వచ్చినదేది అని ముందే చూసుకొని, ఏ రాష్ట్రంలో స్థిరవాసమో ఆ రాష్ట్రానికే దరఖాస్తు పెట్టవలెను. ఇది చేరే నెలలో చూసుకొనే పని కాదు. పిల్లవాడు తొమ్మిదిలో ఉన్నప్పుడే చూడవలెను. నెలకొక ఆదివారం మేమూ, కచేరీ పని తెలిసిన మరి ఇద్దరూ ఇక్కడ కూర్చుని కాగితాలు చూడడానికి సిద్ధంగా ఉన్నాము.

అయిదు: మా శాఖకు చెందిన మాట. ఇంటినుండి కళాశాలకు పోయే ఆడపిల్లలకు డిగ్రీ వరకు, బడికి పోయే మగపిల్లలకు పన్నెండవ తరగతి వరకు రెండవ తరగతి సీజన్ టికెట్టు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు రైల్వేలో ఉన్నది. మిగిలిన విద్యార్థులకు రాయితీ ఉన్నది. కళాశాలవారి ధ్రువీకరణ తెచ్చి కిటికీ దగ్గర అడగండి. అడగడానికి సిగ్గుపడి పూర్తి డబ్బు ఇచ్చే పిల్లలను మేము చూస్తున్నాము. ఇక సాయంత్రపు బండిలో వచ్చే ఆడపిల్లలు ఒకే పెట్టెలో కలసి వచ్చేటట్లు, స్టేషను దగ్గర ఏదో ఒక ఇంటి పెద్ద ఎదురుచూసేటట్లు వంతు పెట్టుకొంటే, చీకటి అనే కారణంతో చదువు మాన్పించవలసిన అవసరం రాదు.

ఇక బహుమతుల సంగతి. ఏటేటా ఈ వేదిక మీద మొదటి తరగతి వచ్చినవారికి పతకాలు ఇస్తున్నాము. ఇవ్వవలసినదే. కాని ఆ పిల్లలు మనం ఇచ్చినా ఇవ్వకున్నా ముందుకు పోయేవారే. పతకాలకు ఎంత ఖర్చు చేస్తున్నామో అంతే మొత్తం, ఒక్క పరీక్షలో తప్పి మళ్ళీ వ్రాయడానికి సిద్ధపడిన పిల్లల కొరకు కూడా తీసి పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. తప్పినవానికి సాయమేమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. నరసింహయ్యగారి చదువు కూడా నడుమ ఆగినదే గదా! ఆగినది తెగినట్లు కాదు. మళ్ళీ అందుకొనేవానికి ఒక చేయి కావలెను, అంతే.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. పిల్లవాడు మొదటి పరీక్షలో ముప్పయి మార్కులు తెస్తే, "మానెయ్" అనే ముందు ఒక్కమారు మా దగ్గరకు పంపండి. తండ్రి బడి ముఖం చూడని ఇంట్లో పుట్టి సైన్సు చదివే పిల్లవాడు రెండు పనులు ఒకేసారి చేస్తున్నాడు. పాఠం నేర్చుకొంటున్నాడు, ఇంటికి కొత్త దారి వేస్తున్నాడు. రాతిలో దారి వేయడానికి ఎంత కాలం పడుతుందో మన ఊరివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ జూన్‌లో కళాశాలలో చేరబోయే పిల్లల పేర్లు వ్రాసుకోవడానికి ద్వారం దగ్గర ఒక పుస్తకం పెట్టించాము. భోజనానికి వెళ్ళేముందు మీ ఇంటి పిల్లల పేర్లు, ఏ సబ్జెక్టు కోరుతున్నారో, అందులో వ్రాసి వెళ్ళండి. వచ్చే ఉగాదికి అదే పుస్తకం తెరిచి, ఎందరు చేరారో కాదు, ఎందరు నిలిచారో ఈ సభలో చదువుదాము.

 మీ ఇండ్లలో పిల్లలకు విద్య, పెద్దలకు ఆరోగ్యం, అందరికీ చేతినిండా పని కలిగించే సంవత్సరం కావలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.